రెండు మార్కులు

"ఆ రాళ్ళ పంతులెవడో గానీ, ఒక్కసారి నా కుర్చీలో కూర్చోవాలి," అన్నాడు ఓటిస్, గడ్డం కత్తిని తోలుపట్టీ మీద సానబెడుతూ.

గొంతు దాకా నురగతో ఆ కుర్చీలో కూర్చున్నది ఆ రాళ్ళ పంతులే. పేరు వెండెల్ ప్రూయిట్. ఇరవై రెండేళ్ళుగా కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతున్నాడు. నెలకోసారి ఈ షాపుకి వస్తాడు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. ఆయనది లైబ్రరీలో ఉద్యోగమని వీళ్ళ నమ్మకం. దేవుడా, ఈ పూటకి ఆ నమ్మకాన్ని అలాగే ఉంచు తండ్రీ అనుకున్నాడాయన.

"కూర్చుంటే ఏం చేస్తావేం?" అన్నాడు బెంచీ మీంచి లైల్. పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. కాలేజీ జట్టు ఆట ఒక్కటి కూడా వదలలేదు, తన పెళ్ళిరోజుతో సహా.

"గడ్డం గీస్తా. నెమ్మదిగా, ఓపిగ్గా గీస్తా."

శనివారమే అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్‌లో మొదటి ఆట. ఊరంతా ఒకటే మాట, టానర్ హోల్‌కమ్. జట్టుకి క్వార్టర్‌బ్యాక్ వాడు. బంతి విసిరితే వాడే విసరాలి, గెలిస్తే వాడి చేతిమీదుగానే గెలవాలి.

"ఈ ఏడాది పన్నెండు ఆటలకి పన్నెండూ మనవే, రాసిపెట్టుకో," అన్నాడు లైల్. "అరవై గజాలు విసురుతాడ్రా బాబూ! అదీ పరిగెడుతూ!"

"చెయ్యి సరే, తల సంగతేంటి?" అన్నాడు వెర్నన్. ఆయనకి పక్కవీధిలో ఇనప సామాన్ల కొట్టుంది. సంతోషంగా ఉన్నవాళ్ళ మధ్యలో కూర్చుని అనుమానాలు తియ్యడం ఆయన అలవాటు. "పోయిన నవంబరులో తలకి దెబ్బ తగిలాక లేచి ఎక్కడికెళ్ళాడు? అవతలి జట్టు బెంచీ మీదకెళ్ళి కూర్చున్నాడు!"

అందరూ పగలబడి నవ్వారు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నా వీళ్ళకి నవ్వొస్తూనే ఉంటుంది.

"కూర్చుంటే కూర్చున్నాడు!" అన్నాడు లైల్ కళ్ళు తుడుచుకుంటూ. "మళ్ళీ వచ్చి రెండు టచ్‌డౌన్లు చేయించి పాయింట్లు తెచ్చాడా లేదా? మగాడంటే వాడు. వాడికేం ఢోకా లేదు. ఢోకా అంతా ఆ పంతులుతోనే."

లైల్ మేనకోడలు కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది. వేసవి పరీక్ష చిత్తు పట్టీలో హోల్‌కమ్‌కి యాభై ఎనిమిదే ఉన్నాయని, అరవై రాకపోతే ఈ సీజనంతా ఆడనివ్వరని, అసలు మార్కుల పట్టీ ఇవాళ ఐదింటికల్లా వెళ్ళిపోవాలని ఆవిడే చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని కూడా చెప్పిందట.

"రెండంటే రెండు మార్కులు!" ఓటిస్ వెండెల్ తల వెనక్కి వంచి, కత్తిని గొంతుకి ఆనించాడు. "రాళ్ళ పేర్లు రాసే పరీక్షేంటి, దానికో ఫెయిలేంటి! మా కుక్క రాసినా పాసవుతుంది."

ఆ పేపరు వెండెల్ ఒళ్ళో ఉన్న సంచీలోనే ఉంది. నాలుగుసార్లు దిద్దాడు. దాన్నిండా కొట్టివేతలే. ఏదో రాయడం, దాన్ని కొట్టేసి పక్కన తప్పు రాయడం. గ్రానైట్ ముక్క చేతికిస్తే సుద్ద అని రాశాడు కుర్రాడు. కొట్టేసినది వెండెల్ చదవడు. రాసినవాడే వద్దనుకున్నదాన్ని తను చదవకూడదని ఆయన నియమం. రాని మార్కు వెయ్యకూడదన్నది ఇంకో నియమం.

"మీరేమంటారు సార్?" అన్నాడు ఓటిస్ ఉన్నట్టుండి. "లైబ్రరీలో చేస్తారు, చదువుకున్నవాళ్ళు. మీరే న్యాయం చెప్పండి."

కత్తి ఆగింది. లైల్, వెర్నన్ ఇద్దరూ ఇటు తిరిగారు.

"రెండు మార్కులే కదా," అన్నాడు వెండెల్. ఆ గొంతు తనదేనా అనిపించింది. "వేసేస్తే పోతుంది."

"అద్దీ! మనిషంటే మీరు సార్!" ఓటిస్ సెంటు రెండుసార్లు కొట్టాడు. "ఈ పాటి జ్ఞానం ఆ పంతులుకుంటే ఎంత బావుణ్ణు!"

కాలేజీలో తన గదికి నడుస్తున్నంతసేపూ వెండెల్‌కి తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఐదుకి పది నిమిషాలుండగా యాభై ఎనిమిదిని అరవై చేసి, పట్టీ పంపేశాడు. ఇరవై రెండేళ్ళలో ఇదే మొదటిసారి. పోనీలే, ఓ కుర్రాడి బతుకు బాగుపడుతుంది కదా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

ఐదు దాటాక తలుపు చప్పుడైంది. టానర్ హోల్‌కమ్. గుమ్మం పట్టనంత మనిషి. గదిలోకొచ్చినా టోపీ తియ్యలేదు, కళ్ళమీదకి లాక్కునే ఉన్నాడు. కిటికీలోంచి ఎండ పడుతుంటే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"పట్టీ పంపేశారా సార్?"

"పంపేశాను. ఇంక బెంగపెట్టుకోకు, పాసయ్యావు."

కుర్రాడు కుర్చీలో కూలబడ్డాడు.

"యాభై ఎనిమిదే కదా సార్ రావాలి! లెక్క చూసుకునే రాశాను. మరీ తక్కువొస్తే కోచ్‌కి అనుమానమొస్తుందని..."

"ఏంటి నువ్వనేది?"

"ఆ దెబ్బ తగిలినప్పట్నుంచీ వెలుతురు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి సార్. అక్షరాలు రెండేసి కనబడుతున్నాయి. ఇంకో దెబ్బ తగిలితే నేను లేవను. ఆ సంగతి నాకు తెలుస్తోంది. భయమేస్తోంది, ఆడనని ఎవరితో చెప్పను? మా నాన్నతోనా? ఊళ్ళోవాళ్ళతోనా? ఫెయిలైతే ఎవరూ ఏమీ అడగరు."

కింద రోడ్డు మీద కార్లు వరసగా హారన్లు కొట్టాయి. కబురు అప్పుడే ఊళ్ళోకి వెళ్ళిపోయింది. ఎవరో టానర్ పేరు పెట్టి కేక వేశారు, పదిమంది అందుకున్నారు.

వెండెల్ సంచీలోంచి పేపరు తీశాడు. మొదటిసారి గీతల కింద ఉన్నది చదివాడు. గ్రానైట్. సున్నపురాయి. పలుగురాయి. అన్నీ సరైన జవాబులే.

"కనబడాలనే ఒక్క గీతతో కొట్టేశాను సార్," అన్నాడు టానర్. "మీరొక్కరైనా చదువుతారనుకున్నాను."