ధర్మవరం దిగేలోపు

బెంగళూరులో యాక్టింగ్ స్కూలు చూసి రైలెక్కినప్పటి నుంచి నాయన నోరు మెదపలేదు. హిందూపురం దాటింది. నటన చదువే వద్దంటాడేమోనని శోభారాణికి భయం పట్టుకుంది.

పెనుకొండ దగ్గర నోరు విప్పాడు. "ఆ స్కూలు వద్దులేమ్మా."

"ఏం నాయనా?"

"నువ్వు లోపల ఫారం నింపుతాంటే, ఆ యాక్టింగ్ నేర్పే సారు నా పనేమని అడిగినాడు. ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో సేల్స్‌మన్ అని చెప్పినా. చీర ఎట్ల చూపిస్తారో చేసి చూపించమన్నాడు."

చీరను తన భుజం మీదే వేసుకుని, అద్దం ముందు పెండ్లికూతురిలా సిగ్గుపడి చూపించడం నాయనకు ఇరవై ఏళ్ల అలవాటు.

"చూపించినావా?"

"భుజం మీది టవలుతోనే చూపించినా. మళ్లీ మళ్లీ చేయించుకుని బుక్కులో రాసుకున్నాడు. నన్ను చూసి నేర్చుకునేటోడు నీకేం నేర్పుతాడు?"

శోభారాణి నవ్వు ఆపుకుంది. "అట్లయితే ఈ చదువే వద్దంటావా?"

"ఎవరన్నారు? వచ్చే వారం హైదరాబాదు స్కూలు చూద్దాం."

ధర్మవరంలో దిగుతూ నాయన టవలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఈసారి పట్టుచీర ఎత్తుకొని పోదాం. టవలుతో సిగ్గు సరిగ్గా రాలేదు."