గీకేయమన్న పుట

జరిగిన ఘోరాన్ని రాసిపెడితే ఎవరికి మేలు?

ఎల్డర్‌హోమ్ మఠంలో చరిత్ర రాసే సన్యాసి ఆల్డ్రెడ్‌ను ఈ సందేహం ఏళ్ల తరబడి వదలలేదు. చచ్చినవాళ్లు చదవలేరు. చంపినవాళ్లు చదవనివ్వరు.

సింహాసనం కోసం రాజుగారూ, ఆయన మేనమామ కూతురూ కొట్టుకుంటున్న కాలం అది. కోట కట్టుకున్న ప్రతివాడూ రాజే. ఏడాది మొదట ‘ఫలానా రాజు ఏలుబడిలో’ అని రాయడం ఆల్డ్రెడ్ మానేశాడు. ‘క్రీస్తు ప్రభువు ఏలుబడిలో’ అని మాత్రం రాసి ఊరుకునేవాడు.

పునీత ఆగ్నేసమ్మ పండుగ ఉదయం మఠాధిపతి జెర్వేస్ అతని బల్ల మీద చిన్న కత్తి పెట్టాడు. తోలుపుట మీద సిరా గీకే కత్తి.

“ఆష్‌మీర్ గుడి తగలబడ్డ పుట గీకెయ్యి నాయనా.”

“తండ్రిగారూ, ఆ గుడిలో దాక్కున్నవాళ్లు బతికుండగానే కాలిపోయారు. అబద్ధం రాశానా?”

“నిజమే రాశావు. కానీ హెర్న్‌బీ కోట ఫుల్క్ దొర ఇవాళ వస్తున్నాడని కబురొచ్చింది. మనం ఏం రాశామో వింటాడట. విన్నాక మన గుడిని మాత్రం వదులుతాడా? మధ్యాహ్నం గంట కొట్టేలోపు ఆ పుట ఖాళీగా ఉండాలి.”

ఆయన వెళ్లిపోయాడు. ఆల్డ్రెడ్ కత్తి తీసుకున్నాడు కానీ చెయ్యి ఆడలేదు.

అంతలో గుడి పనులు చూసే ఎడ్రిక్ తలుపులోంచి తొంగిచూశాడు.

“అన్నా, అతిథి వచ్చాడు. కాళ్లు కడిగే వంతు నీదే. ఈ మంచులో చెప్పుల్లేకుండా నడిచొచ్చాడు మహానుభావుడు! మాంసం దొరగారికి, నీకు బఠాణీ గంజేనని అతనికి ముందే చెప్పేశా.”

“ఏ ఊరట?”

“కడక్కుండానే అడుగుతామా? నీకు కావలసింది కాళ్లు కాదులే, కబుర్లు!”

గుమ్మంలోకి వచ్చినవాడు ప్రభువే అనుకోవాలి, కాళ్లు కడిగి ప్రార్థన చేసేదాకా ఊరూ పేరూ అడగకూడదు. అది మఠం నియమం.

వేణ్ణీళ్ల పళ్లెం ముందు ఆల్డ్రెడ్ మోకాళ్లూనాడు. అతిథి పాదాలు పగిలి నెత్తురు కారుతున్నాయి. కాయలు కట్టిన పాదాలు కావవి. చెప్పులు విడిచి ఎన్నో రోజులైనట్టు లేదు.

“చాలా దూరం నుంచా అయ్యా?”

“దగ్గరే. రావడానికే ఏళ్లు పట్టింది.” అతను వంగి ఆల్డ్రెడ్ మొహంలోకి చూశాడు. “చరిత్ర రాసేది నువ్వేనా?”

“నేనే.”

“ఆష్‌మీర్ గురించి రాశావట. చదువు, వింటాను.”

ఆ పుటకు ఇదే చివరి చదువు కావచ్చు. ఆల్డ్రెడ్ పుస్తకం తెచ్చి, లాటిన్‌లో ఉన్నదాన్ని ఊరి భాషలోకి మార్చి చదివాడు.

“ఆ ఏడు ఫుల్క్ దొర సైనికులు ఆష్‌మీర్ గుడికి నిప్పు పెట్టారు. లోపలివాళ్లు ఒక్కరూ బయటికి రాలేదు. వాళ్ల పేర్లు దేవుడికి తెలుసు.”

అతిథి తల అడ్డంగా ఊపాడు.

“సైనికులు కాదు,” అన్నాడు. “గుడి కదా, వాళ్లు జడిశారు. కాగడాలు కింద పడేశారు. అందులో ఒకటి తీసుకుని దొరే కప్పు మీదికి విసిరాడు. అలా రాయి.”

“నీకెలా తెలుసు?”

“అక్కడున్నాను.”

ఆల్డ్రెడ్ కళ్లు నిండాయి. ఒక్కరూ రాలేదని రాశాడు తను. ఒకడు బయటపడ్డాడన్నమాట! వంగి ఆ పాదాలను ముద్దు పెట్టుకున్నాడు.

అతిథి కాలిన చోట తగిలినట్టు కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

“దీన్ని గీకేయమంటున్నారయ్యా,” అన్నాడు ఆల్డ్రెడ్. “ఇవాళ దొర వస్తున్నాడు.”

“గీకొద్దు. గీకేస్తే అతను ఇంకెక్కడ వింటాడు?”

గంజి ముట్టకుండానే లేచి, అతను గుడివైపు నడిచాడు.

ఆల్డ్రెడ్ బల్ల దగ్గరికి వచ్చాడు. కత్తితో ఒక్క మాటే గీకాడు, ‘సైనికులు’ అన్న మాట. దాని చోట ‘తన చేత్తోనే’ అని ఇరికించి రాశాడు.

మఠాధిపతి వచ్చి చూశాడు. మొహం పాలిపోయింది.

“ఏం చేశావురా! ఉన్నది తియ్యమంటే లేనిది కలుపుతావా? అందరి ప్రాణాలూ తీశావు కదరా!”

“మంటల్లోంచి బయటపడ్డవాడు చెప్పాడు తండ్రిగారూ. కళ్లారా చూసినవాడు. ఇక దీన్ని నేను గీకలేను. దొరకు నన్ను చూపించండి, చాలు.”

మధ్యాహ్నం గంట మోగింది. ఇద్దరూ చెవులు రిక్కించారు. గుర్రాల చప్పుడు లేదు. పరుగెత్తుకొస్తున్న ఎడ్రిక్ అడుగుల చప్పుడే.

“తండ్రిగారూ, దొర వచ్చి వెళ్లిపోయాడా?”

“వస్తే తెలియదట్రా?”

“మరి ఆ కొవ్వొత్తి ఎవరు పెట్టారు?”

ముగ్గురూ గుడిలోకి వెళ్లారు. ఆగ్నేసమ్మ విగ్రహం ముందు జానెడు మైనపు వత్తి వెలుగుతోంది. మైనం మీద హెర్న్‌బీ కోట ముద్ర ఉంది. మఠం ఇచ్చిన నీటిమర భూమికి కౌలుగా ఆ కోట దొర ఏటా ఈ పండుగనాడు తన చేత్తో తెచ్చి వెలిగించాల్సిన వత్తి అది. వేరే ఎవరు తెచ్చినా చెల్లదు.

“ఆ చెప్పుల్లేని మనిషి తప్ప పొద్దుట్నుంచీ ఇటు ఎవరూ రాలేదే!” అన్నాడు ఎడ్రిక్.

మఠాధిపతి అక్కడే కూలబడినట్టు మోకరిల్లాడు. ఆల్డ్రెడ్ వాకిలిదాకా పరుగెత్తాడు. బయట మంచు కురుస్తోంది. అడుగుల జాడ లేదు.

యుద్ధం మొదలైనప్పటి నుంచీ ఏ ఏడూ తీరని ఆ చిన్న బాకీని, ఫుల్క్ దొర ఉత్తి కాళ్లతో నడిచొచ్చి తీర్చి వెళ్లాడు.