పూజగదిలో సమ్మతి

కాలేజీ అప్పులకు ఇప్పుడు సంతకాలు లేవు. ఇంట్లో ఎవరి నోటిమాటైనా చాలు, గోడమీది పలక విని రాసుకుంటుంది.

మా పెద్దమ్మాయి హేమలేఖకు రెండు అప్పులు చూపించారు. మొదటిది ఉద్యోగం వచ్చాక జీతంలోంచి తీర్చేది. రెండోదానికి వడ్డీ లేదు, కానీ అప్పిచ్చిన కంపెనీ ఎక్కడికి పంపితే అక్కడ బతుకంతా పనిచేయాలి.

"మొదటిదే నాన్నా. రేపు చెప్పేద్దాం" అంది.

మర్నాడు దీపం పెట్టి, అలవాటుగా పైకి వినపడేలా మొక్కాను.

"వెంకన్న తండ్రీ, ఈ పిల్ల నీది. ఎక్కడ ఉంచినా నాకు సమ్మతమే."

"సమ్మతి అందింది. రెండో అప్పు మంజూరైంది" అంది పలక.

హేమ పరుగెత్తుకొచ్చింది. "ఆ పలకతో ఏమన్నావు నాన్నా?"

"దేవుడితో అన్నానే తల్లీ!"

"ఆ ముక్క దానికి చెప్పు!"

చెప్పాను. బతిమాలాను. రద్దుకు వీల్లేదంది.

నేను ఆయనకు అప్పగించిన పిల్లను మధ్యలో ఇంకెవరో అందుకుంటే ఆయన ఊరుకుంటాడా? ఏమో.

ఇంతలో తొమ్మిదో తరగతి చదివే మా చిన్నది స్నానం చేసి వచ్చి చేతులు జోడించింది.

"స్వామీ, నాకు కూడా అక్కలాగే..."

దేవుడి ఎదుటే దాని నోరు గట్టిగా మూసేశాను.