సున్నా నెలలు

“స్టేట్ ట్యాక్స్ నాలుగు వాయిదాల్లో సమానంగా కట్టాలి ఆంటీ. మీరు మొదటి రెండూ కట్టలేదు, అందుకే పెనాల్టీ,” అంది ట్యాక్సులు ఫైల్ చేసిపెట్టే మైత్రి, లాప్‌టాప్ చూస్తూ.

“పెళ్లి మండపాల డెకరేషన్ కదమ్మా నాది. ఈ షామ్‌బర్గ్‌లో చలి పోయి సమ్మర్ వస్తేగానీ పెళ్లిళ్లుండవు, డబ్బు రాదు,” అంది అనసూయ.

“అయితే ఏ నెలలో ఎంత వచ్చిందో చూపిస్తే పెనాల్టీ పోతుంది. కానీ పెనాల్టీ కంటే ఆ లెక్కలకి నా ఫీజే ఎక్కువ. కట్టేయండి, ఈజీ.”

అనసూయ కుర్చీ ముందుకి జరుపుకుంది. “ఫీజు పర్లేదు. నెలనెలా రాసుకో.”

“జనవరి?”

“ఏమీ రాలేదు. ఒకటే మంచు. మా ఆయన పోయాక ఇంటి ముందు డ్రైవ్‌వే మీద మంచు నేనే ఎత్తిపోసుకుంటున్నా.”

“ఫిబ్రవరి?”

“సున్నా. ఫ్లూ వచ్చింది. వారమంతా చారన్నమే. టీవీ మాత్రం ఆపలేదు, ఇంట్లో ఏదో ఒక గొంతు వినపడాలని.”

“ఆంటీ, అమౌంట్ చెప్తే చాలు.”

“అవునవును. సారీ అమ్మా.” అనసూయ కోటు జిప్ పైకి లాక్కుంది. “మార్చి కూడా సున్నానే.”

మైత్రి సున్నా కొట్టబోయి ఆగింది. లాప్‌టాప్ పక్కకి జరిపింది.

“మార్చిలో ఏం చేశారు ఆంటీ?”