తాటిచెట్టు కింద మంద

సముద్రపు ఒడ్డున ఇసుక మేటల్లో ఓ గొర్రెల మంద మేస్తుండేది. ఆ మధ్యాహ్నం ఒళ్లు ఉడికిపోయేంత ఉక్కగా ఉంది, ఆకు కదలడం లేదు. చూస్తుండగానే సముద్రం మీంచి కారుమబ్బు కమ్ముకొచ్చి ఉరిమింది.

మందకు పెద్దయిన పొట్టేలు కొమ్ములయ్య, "పదండి, తాటిచెట్టు కిందికి!" అన్నాడు. గొర్రెలన్నీ అతని వెనకే పరిగెత్తాయి.

నూకాలు అనే ముసలి గొర్రె మాత్రం కదల్లేదు. దాని అక్కను అలాంటి చెట్టు కిందే పిడుగు పొట్టన పెట్టుకుంది.

"బావా, అక్కడొద్దు! అందరూ ఈ పల్లంలోకి దిగండి!" అని అరిచింది.

"వానలో తడిసి చావడానికా? వేసవంతా మనకు నీడనిచ్చిన చెట్టిది. నువ్వా నాకు చెప్పేది?" అన్నాడు కొమ్ములయ్య.

ఈసారి మెరుపు వెంటే ఉరుమూ వచ్చింది. నూకాలుకు ఇక బతిమాలే వ్యవధి లేదు. కొమ్ములయ్య ఒకరి మాట వినడు గానీ, ఆపదంటే మాత్రం ఆగడని దానికి తెలుసు. గబగబా పల్లంలోకి దిగి గొంతు చించుకుంది.

"నక్క! బావా, నన్ను నక్క పట్టుకుంది!"

కొమ్ములయ్య కొమ్ములు వంచి దూసుకొచ్చాడు. మందంతా అతని వెంట వచ్చింది. చివరి గొర్రెపిల్ల పల్లంలోకి దిగుతుండగా కళ్లు చెదిరే వెలుగుతో, చెవులు పగిలే చప్పుడుతో పిడుగు పడింది.

కొమ్ములయ్య తేరుకుని, రొప్పుతూ అడిగాడు. "నక్క ఏదే?"

నూకాలు తాటిచెట్టు వైపు తల తిప్పింది. నిలువునా చీలిన చెట్టు వానలోనే మండుతోంది.

కొమ్ములయ్య జోరువానలో నూకాలు పక్కనే మోకాళ్లు మడిచి పడుకున్నాడు.