పొట్టతోలు ముక్క

“ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొన్నావు, సరే. ఆ సంచిలో ఏముండాదో చెప్పకుంటే లోపలికి వదిలేది లేదప్పా,” అన్నాడు కడప స్టేషన్ టిక్కెట్ కలెక్టరు దావీదురాజు, గేటుకు అడ్డంగా చెయ్యి పెట్టి.

లాల్ అహమ్మద్ సంచి మూతి విప్పి చూపించాడు. లోపల కొత్త ఫుట్‌బాల్, నూనె పట్టించి తుడిచింది, నిగనిగలాడుతోంది.

“ఎవరికిది?”

“మద్రాసు బండిలో సిలోన్ జట్టు బొంబాయికి పోతాండాదని నువ్వే కదా సారూ పేపర్లో చూసి చెప్పినావు. వాళ్లకే.”

దావీదురాజుకు నవ్వొచ్చింది. ఊళ్లో తోలు బంతులు కుట్టేవాడు లాల్ అహమ్మద్ ఒక్కడే. అతను కుట్టిన బంతులు మద్రాసులో ఒక షాపుకు పోతాయి. రెండేళ్ల కిందట వాటిలో ఒకటి సిలోన్ దేశం జట్టువాళ్లు కొనుక్కుపోయారని షాపతను కార్డు రాశాడు. ఆ కార్డు చదివిపెట్టింది కూడా దావీదురాజే. వీధి వీధంతా మెచ్చుకుంటే, ఈ మహానుభావుడు మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

“ఇంకా ఆ పిచ్చి వదల్లేదా నీకు?”

“యాడ వదుల్తాది సారూ. పద్దెనిమిది ముక్కలూ వీపుతోలే వేయాల. ఆ పొద్దు ఒక ముక్క తక్కువ పడింది. పండగ దగ్గర పడిందని పొట్టతోలు ముక్క వేసి కుట్టేసినా. ఆ నెల షాపుకు పంపింది ఆ ఒక్కటే. పొట్టతోలు సాగుతాది. సాగితే బంతికి గూని లేస్తాది. ఇటు తంతే అటు పోతాది.”

“ఒక ముక్క తోలుకు ఒక దేశం ఓడిపోతాదా అప్పా?”

“ఓడిపోతానే ఉండారు కదా. రంగూన్ పోయి ఓడిరి. కలకత్తా వచ్చి ఓడిరి. వాళ్ల ఊర్లో వాళ్లే ఏం తిట్టుకుంటాండారో.”

కూతురి వయసు అడిగితే వేళ్లు లెక్కపెట్టుకునే మనిషి. సిలోన్ జట్టు ఏ నెలలో ఏ ఊళ్లో ఓడిందో మాత్రం తడుముకోకుండా చెప్పేవాడు. పేపరు రాగానే స్టేషన్‌కు వచ్చి చదివించుకునేవాడు. ఓడిందని వినగానే చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెళ్లిపోయేవాడు. దావీదురాజు ఎంత ఎగతాళి చేసినా అతని దిగులు తరగలేదు. తప్పు చేసిన చెయ్యి తనది కదా.

బండి వచ్చింది. ఇంజనుకు నీళ్లు పట్టాలి కాబట్టి పావుగంట ఆగుతుంది. సెకండు క్లాసు పెట్టెలోంచి నల్లగా, పొడుగ్గా ఉన్న కుర్రవాళ్లు పదిహేనుమంది బిలబిలమంటూ దిగి, కొందరు కొళాయి దగ్గరికి, కొందరు అరటిపళ్ల బండి దగ్గరికి పోయారు. వెనకాలే కోటు వేసుకున్న పెద్దాయన ఒకడు దిగి టీ చెప్పాడు.

“ఆయనే మేనేజరు మాదిరి ఉండాడు. పోదాం పా,” అన్నాడు దావీదురాజు.

లాల్ అహమ్మద్ అక్కడే ఆగిపోయాడు. “నాకు ఆ మాట రాదు సారూ. నువ్వే ఇంగ్లీషులో చెప్పు. తప్పు నాదేనని చెప్పు. ఏమన్నా పడతానని చెప్పు. నేను ఈడనే ఉంటా.”

దావీదురాజు వెళ్లాడు. లాల్ అహమ్మద్ పెట్టె కిటికీ పక్కన నిలబడి అటే చూస్తున్నాడు. దావీదురాజు ఏదో చెబుతుంటే పెద్దాయన వింటూ వింటూ టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. కళ్లు పెద్దవి చేసి ఇటు తిరిగి చూశాడు. అయిపోయింది, ఇక తను ఏమిచ్చినా తీసుకోరు అనుకున్నాడు లాల్ అహమ్మద్.

కిటికీలోంచి సీటు మీద వలసంచి కనిపించింది. అందులో మూడు బంతులు. ఒకదానికి తాడు కట్టేచోట ఎర్రదారం కుట్టు ఉంది. అది అతని చేతి గుర్తు. ఆ పక్కనే గూని, దూరం నుంచే తెలిసిపోతోంది. చూడగానే సిగ్గుతో అతని ముఖం వేడెక్కింది.

పెట్టెలో ఎవరూ లేరు. ఎక్కాడు. వల ముడి విప్పి ఆ బంతి తీసి, తన కొత్తది అందులో పెట్టాడు. ముడి మళ్లీ ఎట్లా ఉన్నది అట్లాగే వేశాడు. పాతది తన సంచిలో కుక్కుకుని రెండో వైపు నుంచి దిగి, బండి చుట్టి వచ్చి నిలబడ్డాడు.

గార్డు ఈల వేశాడు. అందరూ పరుగెత్తి ఎక్కారు. పెద్దాయన తలుపు దగ్గర నిలబడి లాల్ అహమ్మద్‌కు రెండు చేతులూ జోడించి ఏదో అన్నాడు, ఇంజను కూతలో వినపడలేదు. బండి కదిలి దూరమైంది. రెండేళ్ల తర్వాత అతనికి ఆకలి వేసింది.

దావీదురాజు నవ్వుకుంటూ వచ్చాడు.

“ఏమన్నాడు సారూ? మన్నించినాడా?”

“మన్నించేదానికి ఏముండాదప్పా. ఆ గూని బంతి కుట్టింది ఈయనేనా అని నోరు తెరిచినాడు. బయట ఓడిందంతా ఆ ఊర్లోళ్ల బంతులతోనంట. ఈ బంతి ఎటు తిరుగుతాదో వీళ్ల పిల్లోళ్లకు తప్ప ఎవురికీ అంతు పట్టదంట. బొంబాయోళ్లను శానా బతిమాలి దీంతోనే ఆడేదానికి ఒప్పించుకున్నారంట.”

లాల్ అహమ్మద్ పట్టాల వైపు చూశాడు. పొగ కూడా కనపడలేదు.

దావీదురాజు అతని సంచి వైపు చూసి భుజం తట్టాడు. “కొత్తది ఇయ్యకుండా నీ దగ్గరే పెట్టుకున్నావు, మంచిపని చేసినావు. ఈ రెండేండ్లలో వాళ్లు గెలిచింది మూడు ఆటలేనంటప్పా. మూడూ నీ గూని బంతితోనేనంట.”