పొద్దున్నే దభేల్

"ఏమండీ, పొద్దున్నే మీ ఇంట్లో ఏం పడేస్తున్నారు? మా నెత్తిన సున్నం రాలుతోంది!"

తలుపు తీయగానే కిందింటాయన విరుచుకుపడ్డాడు. నిజంగానే ఆయన జుట్టు నిండా సున్నం పెళ్ళలున్నాయి.

"పడెయ్యడమేమిటి అన్నయ్యగారూ! మావారు డంబెల్స్‌తో కసరత్తు చేస్తున్నారు," అంది ఇల్లాలు గర్వంగా. "డాక్టరు చెయ్యమన్నారు. చేస్తేనే స్వీటు, చెయ్యకపోతే లేదు. అదీ మా ఒప్పందం. ఒక్కరోజు కూడా మానలేదు తెలుసా!"

సోఫాలో ఆ స్వీటే తింటున్న భర్త నోట్లో ముక్క గబుక్కున మింగేశాడు.

"అదేం కసరత్తో నేనూ చూస్తాను. ఒక్కసారి చెయ్యమనండి."

"చెయ్యండి, సిగ్గెందుకు?" అంటూ భార్యే డంబెల్స్ తెచ్చి ముందు పెట్టింది.

ఇక తప్పలేదు. చేతికొకటి పట్టుకుని, గొంతుక్కూర్చుని, లేచి, రెండూ తలమీదికి ఎత్తాలి. ఒళ్ళంతటికీ ఇదొక్కటి చాలని డాక్టరు చెప్పాడు. మన వీరుడు కూర్చోవడం బాగానే కూర్చున్నాడు. లేవడానికే భార్య ఒక రెక్క, కిందింటాయన ఒక రెక్క పట్టుకోవాల్సి వచ్చింది.

"తినగానే చేయిస్తే ఇంతే మరి," అని గొణిగాడు రొప్పుతూ. భార్య మంచినీళ్ళకి లోపలికి వెళ్ళింది.

కిందింటాయన దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పండి. మీరు ఎత్తేదీ లేదు, దించేదీ లేదు కదూ?"

"లేదు," ఒప్పుకున్నాడు పాపం. "మంచం మీంచే చెయ్యి వేలాడేసి, కాస్త లేపి వదిలేస్తాను. వంటింట్లో మా ఆవిడకి వినపడితే చాలు. ఆ ఒక్క స్వీటూ పోతే నేను బతకలేనండీ. ఎవరితోనూ అనకండి, మీకు పుణ్యముంటుంది."

కిందింటాయన అతని రెండు చేతులూ పట్టేసుకున్నాడు. "అనడమా! ఆ చప్పుడు విని 'పైనాయన్ని చూసైనా సిగ్గు తెచ్చుకోండి' అని మా ఆవిడ రోజూ నా నిద్ర పాడుచేస్తోంది. నాకూ ఒకటివ్వండి మహానుభావా!"

నీళ్ళ గ్లాసుతో వచ్చిన భార్య ఆ చివరి మాటకి నవ్వింది. "దానికేం, పట్టుకెళ్ళండి అన్నయ్యగారూ. మావారికి ఒకటి చాల్లెండి," అని తనే ఒక డంబెల్ ఆయన చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున దుప్పటి తీయకుండానే భర్త మంచం కిందికి చెయ్యి చాచాడు. గరుగ్గా ఏదో తగిలింది. పైకి లాగి చూస్తే ఇటుక! అదే క్షణంలో కింది వాటాలోంచి కూడా ఒక కేక వినిపించింది. "ఏమేవ్, మంచం పక్కన ఈ ఇటుకేమిటే?"

కంగారుగా లేచి తొంగిచూశాడు. హాల్లో తన భార్యా, కిందింటావిడా చెరో డంబెల్ పట్టుకుని, చెమటలు కారుతుండగా కూర్చుని లేస్తున్నారు. పక్కనే బల్ల మీద స్వీట్ల డబ్బా సగం ఖాళీగా ఉంది.

"అయ్యో, మీరెందుకు లేచారు?" అంది భార్య స్వీటు నములుతూ. "పడుకునే కానివ్వండి. చప్పుడుకి ఇటుక చాలు!"